ముందు నడచినవారు

నరసన్నపేటలో ఇటీవల ఒక వృద్ధసైనికులు తమ 76వ యేట కీర్తిశేషులైరి. పత్రికలలో పేరు పడుట వారికి రుచించెడిది కాదు. కుటుంబమువారును వారి ఇచ్ఛనే మన్నింపగోరిరి. కావున పేరు వ్రాయక, వారు గడపిన జీవితమును మాత్రమే పాఠకలోకమున కెరిగించుచున్నాము. పేటలోని పిన్నలందరకు ఆయన ‘మిల్ట్రీ తాత’.

ఆయన మద్రాసు సాపర్ల దళమువారు. 1780వ సంవత్సరమున మద్రాసులో రెండు పయనీరు కంపెనీలుగా పుట్టిన యీ దళమునకు నేడు బెంగుళూరు కేంద్రము. వంతెనలు కట్టుట, బాటలు వేయుట, శత్రువు పాతిన మందుపాతరలను వెలికితీయుట వీరి వృత్తి. ఉత్తర హిందూస్థానమున ఒకప్పుడు సిపాయిని ‘తిలంగా’ యని పిలిచెడివారు. కంపెనీవారి తొలి పటాలములలో తెలుగువారుండుటచే ఆ పేరు కలిగినది. 1857 తరువాత ఆంగ్లప్రభువులు యుద్ధజాతులు, యుద్ధేతరజాతులు అను విభాగము కల్పించి, పటాలములలో తెలుగువారి ప్రవేశమును తగ్గించుచు వచ్చిరి. మద్రాసు పదాతిదళము రెండు ప్రపంచయుద్ధముల నడుమ రద్దయి, రెండవ యుద్ధకాలమున మరల ఏర్పడినది. సాపర్లు మాత్రము ఎడతెగక నిలిచిరి.

1971వ సంవత్సరము డిసెంబరు 15వ తేది రాత్రి షకర్‌గఢ్ ప్రాంతమున బసంతర్ నదియొద్ద మన పదాతిదళము ఏరు దాటి ఆవలియొడ్డున నిలిచెను. ట్యాంకులు వారిని చేరుటకు మందుపాతరల నేలగుండ త్రోవ కావలెను. 9వ ఇంజనీరు రెజిమెంటు సాపర్లు చీకటిలో ఒక్కొక్క పాతరను తొలగించుచు, తీర్చినమేర గురుతులు పెట్టుచు సాగిరి. మన వృద్ధుడు అప్పటికి 22 ఏండ్ల యువకుడు. ఆ వరుసలో నుండెను. పని సగమైనదో లేదో, శత్రువు ట్యాంకులు కదలుచున్న వార్త వచ్చెను. త్రోవ పూర్తికాకమునుపే పూనా హార్స్ ట్యాంకులు దానిగుండ సాగిపోయినవి. మరునాటి పోరులో ఆ రెజిమెంటువారగు అరుణ్ ఖేతర్‌పాల్ వీరమరణము పొందిరి. వారికి మరణానంతరము పరమవీరచక్రము లభించెను. ఆ యుద్ధముననే మందుపాతరల తొలగింపును నడపుచు అసువులు బాసిన మేజర్ విజయ్ రత్తన్ చౌదరికి మహావీరచక్రము లభించెను.

ఈ కథను ఆయన తామై యెన్నడును చెప్పలేదు. మేము గట్టిగా అడుగగా ఒక్కమాట యనిరి: “మా పని అవనేదు బాబూ! ఆ కుర్రోళ్లు మిగిలిన నేలమీంచే ఎల్లిపోనారు.” ఆజ్ఞ యిచ్చినవారు వేరు; కాలము మించినది వేరు. అయినను యాబదియేండ్లుగా ఆ మిగిలిన నేలను తమ ఋణముగానే యెంచుకొనిరి.

ప్రతి ఆదివారము ప్రార్థనకు అరగంట ముందుగా ఆయన చర్చి చేరెడివారు. చెప్పులు వెలుపల విడిచి లోనికి పోవుట అచ్చటి వాడుక. గేటునుండి మెట్లవరకు వంగి వంగి చూచుచు ముండ్లు, గాజుపెంకులు ఏరి ఒక రేకుడబ్బాలో వేసెడివారు. గంట మ్రోగిన పిదప వెనుకవరుసన కూర్చుండి, ఈ ఉత్తరసీమకు చెందిన పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలను పుస్తకము తెరువకయే పాడెడివారు.

ఇంటియందును అదే తీరు. భార్య పక్షవాతముతో మంచముపట్టిన తొమ్మిదేండ్లును గంజి కాచి త్రాగించుట, తల దువ్వుట ఆయన చేతిపనియే. పింఛనుతో ఇద్దరు కుమార్తెలను చదివించిరి. కట్నమడిగిన సంబంధమును గడప దాటనీయలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరితోటలను నేలగూల్చిన దినమున, చెట్టుపడి మూసికొనిన తమ వీధిలో రంపము చేతబట్టి మొదట నిలిచినది ఈ వృద్ధుడే.

ఒకసారి ఒక యువకుడు, “తాతా, నీది పరదేశపు మతం కాదా?” యని యడిగెను. ఆయన కోపింపలేదు. “ముందు నడిసినోడి మతం ఎనకొచ్చినోడు అడగడు, సిన్నోడా” యని మాత్రమనిరి. దేశభక్తిని మతముతో కొలువజూచువారు ఈ మాటను ఆలోచింతురు గాక.

ఈ జిల్లాలో పల్లెపల్లెను మాజీ సైనికులున్నారు. వారి అనుభవములు వారితోనే మట్టిలో కలసిపోవుచున్నవి. గ్రామ పెద్దలును, ఉపాధ్యాయులును వారిచెంత కూర్చుండి వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసిపెట్టవలెనని కోరుచున్నాము. పతకములు పొందినవారిని లోకమెట్లును తలచును. వారికి త్రోవ తీర్చినవారిని తలచుట మన విధి.

ఆ రేకుడబ్బా ఇప్పుడును చర్చిమెట్లప్రక్కనే యున్నది. వచ్చు ఆదివారము దానిని చేతబట్టువారెవ్వరు?