దూరదర్శన పరిభాష: మాట వెనుకనున్న పని

శాస్త్రములకువలెనే యంత్రకళలకును ఒక పరిభాష ఉండును. దానిని తెలుగు చేయబూనినవారు నిఘంటువును మాత్రమే నమ్ముకొన్నచో దారి తప్పుదురు. మాట వెనుక జరుగుచున్న పనిని ముందు చూడవలెను. టెలివిజను నిర్మాణములో నిత్యము వినబడు కొన్ని మాటలు ఇందుకు నిదర్శనములు.

మొదటిది ఫ్రేము, అనగా కదలిక లేని ఒక పూర్తి చిత్రము. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు నడచును. మన దేశము మొదట అనుసరించిన టెలివిజను పద్ధతిలో సెకనుకు 25. అందువలన రెండు గంటల సినిమాను ఫ్రేముకు ఫ్రేముగా ఆ పద్ధతిలో ప్రసారము చేసినచో, సుమారు అయిదు నిమిషములు ముందుగనే ముగియును.

నాటి గాజుగొట్టపు తెరపై చిత్రము ఒక్కసారిగా పడెడిది కాదు. మనము పుటను చదివినట్లు, ఎలక్ట్రానుల కిరణము ఎడమనుండి కుడికి, పైనుండి క్రిందికి సాగెడిది. ఒక ఫ్రేమునకు 625 రేఖలు. వానిని వరుసగా గీసినచో తెర మినుకుమినుకుమనును. కావున బేసి రేఖలను ఒక విడతగను, సరి రేఖలను మరొక విడతగను గీయు ఏర్పాటు చేసిరి. ఇట్టి ఒక్కొక్క విడతకు ఫీల్డు అని పేరు. సెకనుకు 50 ఫీల్డులు. దీనిని ‘క్షేత్రము’ అని అనువదించినచో అర్థము మాయమగును. ‘అర్ధచిత్రము’ అన్నచో విషయము వెంటనే బోధపడును. నేటి పలుచని తెరలలో ఆ కిరణము లేదు. అయినను 1080 అను అంకె ప్రక్కన ‘ఐ’ ఉన్నచో అర్ధచిత్రముల పద్ధతియనియు, ‘పి’ ఉన్నచో సంపూర్ణచిత్రముల పద్ధతియనియు గ్రహింపవలెను.

ఇక కెమెరా కదలికలు. కెమెరా ఉన్నచోటనే ఉండి, మనము తల త్రిప్పినట్లు ప్రక్కకు తిరుగుట పాన్. ఇది పనోరమా అను మాటకు సంక్షేపము. తల ఎత్తినట్లో దించినట్లో కదలుట టిల్ట్. జూమ్, ట్రాక్ అను రెండింటను వస్తువు దగ్గరైనట్లు తోచును. కాని జూములో కెమెరా కదలదు. కటకముల అమరిక మారి, ఎదుటి మనిషియు అతని వెనుకనున్న చెట్టును ఒకే పాళ్లలో పెద్దవగును. ట్రాకులో కెమెరాయే ముందుకు సాగును. మనిషి త్వరగా పెరుగును, చెట్టు అంతగా పెరుగదు. మొదటిది నిలిచి చూచుట, రెండవది నడచి వెళ్లుట. రెండింటిని ‘దగ్గరకు తెచ్చుట’ అని వ్రాసినచో దర్శకుని ఉద్దేశము చదువరికి అందదు.

కట్ అను మాట ఫిలిమును కత్తిరించుటనుండి వచ్చినది. స్టూడియోనుండి సాగు ప్రత్యక్ష ప్రసారములో కత్తెరకు పని లేదు. మీట నొక్కి ఒక కెమెరానుండి మరొకదానికి మారుటయే కట్.

ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న టెలివిజను ప్రసారములు ఆరంభమైనవి. హైదరాబాదులో కేంద్రము 1977లో వెలసినది. అప్పటికే షాట్, కట్, ఫ్రేము వంటివి సినిమా పనివారి నోట తెలుగు మాటలైపోయినవి. వానిని తొలగింపబూనుట వృథాశ్రమ. పాఠ్యగ్రంథములలో వానిని అట్లే ఉంచి, ఒక్కొక్కటి చేయు పనిని ప్రక్కనే ఒక తెలుగు వాక్యములో చెప్పిన చాలును.