చందమామకు ఫోటో తీయడమెట్లా?

చంద్రునిలో కుందేలున్నదని మన పెద్దలు ఆయనకు శశాంకుడని పేరు పెట్టారు. ఆ కుందేలు నిజానికి ఎన్నో కోట్ల ఏండ్ల క్రిందట లావా పారి గట్టిపడిన నల్లని మైదానాలు. వాటి చుట్టూ తెల్లగా మెరిసేవి ఎత్తైన కొండ ప్రదేశాలు. ఈ సంగతి పిల్లలు బడిలో చదువుకుంటున్నారు. కాని ఫోనుతో ఫోటో తీస్తే మాత్రము చందమామ ఒట్టి తెల్లని ఇడ్లీవలె వస్తున్నాడని పూండి, తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల మన ఇళ్ళలో చిన్నబుచ్చుకుంటున్నారు. వారి కొరకే ఈ నాలుగు మాటలు.

మొదటి సంగతి, పున్నమినాడు తీయరాదు. మిట్టమధ్యాహ్నము మన చింతచెట్టుకు నీడ ఎంత ఉంటుంది? ఉదయము ఎంత ఉంటుంది? చంద్రుని మీద కూడా అంతే. పున్నమినాడు సూర్యుడు మన వెనుకవైపు నుండి తిన్నగా వెలుగు చల్లుతాడు కనుక కొండల నీడలు మనకు కనబడవు. శుక్ల అష్టమినాడు వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర అప్పుడే తెల్లవారుతూ ఉంటుంది. అక్కడి గుంటలూ కొండలూ పొడుగు నీడలతో లేచి నిలబడతాయి. 1609లో గెలీలియో ఆ గీతకు అవతల చీకటిలో మెరిసే శిఖరాలను చూచే వాటి ఎత్తు లెక్కకట్టాడు. అష్టమినాడు అపెనైను పర్వతాలను, దశమినాడు సుమారు 93 కిలోమీటర్ల వెడల్పు గల కోపర్నికస్ బిలమును వెదకండి. తిథి చెప్పడానికి ఇంట్లో పంచాంగము ఉండనే ఉన్నది.

రెండవది వెలుతురు. మనకు రాత్రి అయినా, అక్కడ ఉన్నది ఎండలో నిలిచిన రాయి. ఫోను చుట్టూ ఉన్న చీకటిని చూచి మోసపోయి ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది. తెరమీద చంద్రుని తాకి, వెలుతురు బాగా తగ్గించాలి.

మూడవది పరిమాణము. ఆకాశములో చంద్రుని వెడల్పు అర డిగ్రీ మాత్రమే. చిన్న దుర్భిణి ఉంటే దాని కంటిఅద్దము దగ్గర ఫోను కదలకుండా పట్టుకోవలెను. వేసవిలో మిద్దె పగలంతా కాగి ఉంటుంది; దాని వేడిగాలికి బొమ్మ నీటిలో నీడవలె వణుకుతుంది. మిద్దె చల్లబడిన తరువాత తీయండి, లేదా పెరటిలో నిలబడండి. ఒక్క ఫోటోకు బదులు కొంతసేపు వీడియో తీసి, గాలి నిలకడగా ఉన్న క్షణాలను ఏరుకొనడము ఇంకా మంచిది.

ఇదంతా పిల్లల ఆటే గదా అనవద్దు. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 విక్రమ్ చంద్రునిపై కూలిపోయింది. అమెరికా ఉపగ్రహము ఆ ప్రాంతానికి తీసిన ఫోటోలను నాసా అందరికీ విడుదల చేసింది. చెన్నైలోని ఇంజనీరు షణ్ముగ సుబ్రమణియన్ పాత ఫోటోను, కొత్త ఫోటోను ప్రక్కప్రక్కన పెట్టుకొని ఓపికగా వెదికి, మునుపు లేని ఒక్క తెల్లని చుక్కను పట్టుకున్నారు. అది విక్రమ్ శకలమేనని ఆ డిసెంబరులో నాసా ఒప్పుకొని ఆయన పేరు ప్రకటించింది. ఆయనకు సొంత దుర్భిణి అక్కరలేకపోయింది. కావలసినది ఓపికతో చూచే కన్ను.

మన పూండికి శ్రీహరికోట గగనమార్గాన సుమారు 70 కిలోమీటర్లు. అక్కడనుండి 2008లో వెళ్ళిన చంద్రయాన్-1 కెమెరాకు అయిదు మీటర్ల వస్తువు ఒక చుక్కగా కనబడేది. చంద్రయాన్-2 కక్ష్యానౌక కెమెరాకు పావు మీటరు చాలును. ఆ ఫోటోలలో బండలూ గుంటలూ పరికించి చంద్రయాన్-3 దిగే చోటు నిర్ణయించారు. 2023 ఆగస్టు 23న అది క్షేమముగా దిగింది.

కనుక తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పిల్లలు తీసిన ప్రతి ఫోటో క్రింద తేదీ, తిథి, గంట వ్రాయించండి. వచ్చే నెల అదే తిథినాడు మళ్ళీ తీయించి, రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూడమనండి. ఏ నీడ ఎక్కడికి జరిగినదో వారే మీకు చెబుతారు.