పెరట్లో కుళాయి మార్చుకోవడం: గోడలో పైపు జాగ్రత్త, జీవామృతం డ్రమ్ము ఇంకా జాగ్రత్త



పెరటితోట, మిద్దెతోట పెంచేవాళ్ళు విత్తనాల గురించి అడుగుతారు, కషాయాల గురించి అడుగుతారు. కుళాయి గురించి మాత్రం ఎవరూ అడగరు. తోటలో రోజూ రెండు పూటలా మనం చెయ్యి వేసేది దాని మీదే. ఎండకీ వానకీ బయటే ఉంటుంది, గొట్టం తగిలించి అటూ ఇటూ లాగుతుంటాం, అందుకే ఇంట్లో కుళాయిల కన్నా ముందు పాడవుతుంది. (మా వైపు కుళాయి అంటాం, తెలంగాణలో నల్లా అంటారు.) మా పెరట్లో పాతది తీసి కొత్తది బిగించడం వీడియోలో చూపించాను. అందులో గబగబా అయిపోయే విషయాలు ఇక్కడ నిదానంగా రాస్తున్నాను.

ముందు అసలు మార్చాలా వద్దా చూడండి. కట్టేసినా ముక్కు నుంచి చుక్కలు పడుతుంటే, పాత రకం తిప్పుడు కుళాయి అయితే చాలాసార్లు లోపల రబ్బరు వాషర్ అరిగిపోయి ఉంటుంది. పది రూపాయల్లో తేలిపోతుంది. విప్పినప్పుడు పిడి కింద నుంచి నీళ్ళు ఉబుకుతుంటే అక్కడి నట్టు కాస్త బిగించి చూడాలి, లేదా లోపల దారం చుట్టాలి. ఒంటికి పగులు వచ్చినా, మరలు అరిగినా, బోరు నీళ్ళ ఉప్పు పేరుకుని పిడి తిరగకపోయినా అప్పుడు మార్చాల్సిందే. చుక్కలే కదా అని వదిలేయకండి. సెకనుకు ఒక చుక్క చొప్పున రోజుకి 86,400 చుక్కలు. మిల్లీలీటరుకు 20 చుక్కలు లెక్కేసినా 4 లీటర్లు దాటుతుంది. రెండు వంగ మొక్కలకి సరిపోయే నీళ్ళు ఊరికే మురుగులోకి పోతున్నట్టు.

కొత్తది కొనేటప్పుడు పాతది ఎంత సైజో చూసుకోండి. ఇళ్ళల్లో ఎక్కువగా అర అంగుళం, అంటే 15 ఎంఎం. ఇత్తడిది గట్టిది, ఏళ్ళ తరబడి ఉంటుంది. కాకపోతే ప్రహరీ బయట పెడితే రాత్రికి రాత్రే మాయమవుతుంది, ఆ సంగతి మీకూ తెలుసు! చవక ప్లాస్టిక్‌వి ఎండకి పెళుసెక్కి విరుగుతాయి. వాటి కన్నా పీటీఎంటీ రకం నయం. గొట్టం తగిలించుకునే మూతి ఉన్నదే అడగండి. మామూలు ముక్కుకి గొట్టం తొడిగి తీగతో కడితే ఆ లాగుడంతా గోడలోని పైపు మీద పడుతుంది.

ఇక తీయడం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ట్యాంకు దగ్గర వాల్వు కట్టేసి, కింద ఏదో ఒక కుళాయి విప్పి పైపులో నీళ్ళు పూర్తిగా పోనివ్వండి. పైపు గోడ బయట కనపడుతుంటే రెండు రెంచీలు కావాలి. ఒకదానితో పైపు చివరి ఎల్బోని కదలకుండా పట్టుకోవాలి, రెండోదానితో కుళాయిని ఎడమవైపు తిప్పాలి. ఒక్క రెంచీతో బలం పెడితే కుళాయితో పాటు పైపు కూడా తిరిగి లోపలెక్కడో జాయింటు వదులుతుంది. అప్పుడు అర గంట పని కాస్తా గోడ పగలగొట్టే పనవుతుంది.

పైపు గోడ లోపల ఉంటే పట్టుకోవడానికి వీలుండదు. మెల్లగా తిప్పండి. కుళాయి చుట్టూ సిమెంటు కూడా కదులుతున్నట్టు అనిపిస్తే ఆపేయండి. చుట్టూ రెండు అంగుళాల పూత చెక్కి, ఎల్బో బయటపడ్డాక దాన్ని పట్టుకుని తిప్పండి. మాది పాత ఇనుప పైపు, తుప్పు పట్టి బిగుసుకుంది. మరల దగ్గర కాస్త కిరసనాయిలు వేసి రాత్రంతా వదిలేశాను, పొద్దున సుత్తితో చిన్నగా నాలుగు దెబ్బలు వేస్తే కదిలింది. పీవీసీ పైపు మీద మాత్రం ఇలా కిరసనాయిలు, సుత్తి వాడొద్దు. పాత ప్లాస్టిక్ కుళాయి మర లోపలే విరిగిపోతే కంగారు పడకండి. హాక్సా బ్లేడుతో ఆ ముక్కకి ఎదురెదురుగా రెండు గాట్లు పెట్టి, వెడల్పు స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే వచ్చేస్తుంది. గాటు ఎల్బో మరల దాకా దిగకూడదు.

లోపలి మరల్ని పాత బ్రష్షుతో శుభ్రం చేశాక, కొత్త కుళాయి మరల మీద టెఫ్లాన్ టేపు చుట్టాలి. మర చివర మనకి ఎదురుగా పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టాలి, లేకపోతే బిగిస్తుంటే టేపు ఊడొస్తుంది. పది పన్నెండు చుట్లు చాలు. మొదట చేత్తోనే బిగించి, చివరి చుట్టు మాత్రం రెంచీతో. ముక్కు కిందికి చూసే చోట ఆగాలి. దాటిపోతే వెనక్కి తిప్పి సరిచేయొద్దు, అక్కడ కచ్చితంగా కారుతుంది. మొత్తం విప్పి, ఇంకో రెండు చుట్లు వేసి మళ్ళీ బిగించండి. గోడలోది ప్లాస్టిక్ మరల ఎల్బో అయితే ఇత్తడి కుళాయిని మరీ బిగించకండి, అది చీలిపోతుంది. కొత్తగా పైపు వేయించుకునేవాళ్ళు లోపల ఇత్తడి మరలున్న ఎల్బోనే పెట్టించండి, ఖర్చు కొంచెం ఎక్కువైనా.

కుళాయి అయిపోయింది. ఇప్పుడు దానికి తగిలించే గొట్టం సంగతి. ప్లంబర్లు చెప్పరు కానీ జీవామృతం చేసే మనందరికీ ఇదే ముఖ్యం. మా కుళాయికి పది లీటర్ల బకెట్టు నిండడానికి నిమిషం పడుతుంది, అంటే 200 లీటర్ల డ్రమ్ముకి ఇరవై నిమిషాలు. అంతసేపు ఎవరు నిలబడతారు? గొట్టం చివర డ్రమ్ములో ముంచేసి వేరే పనికి వెళ్ళిపోతాం. ఆ సమయంలో మున్సిపాలిటీ నీళ్ళు ఆగిపోయి, వీధిలో ఎవరో పైపుకి నేరుగా మోటారు పెట్టి లాగారనుకోండి. పైపులో నీళ్ళు వెనక్కి గుంజుకుంటాయి, డ్రమ్ములో ఉన్న పేడ, మూత్రం కలిపిన నీళ్ళు కూడా గొట్టం గుండా పైపులోకి పోతాయి. సొంత ట్యాంకు అయినా అంతే. ట్యాంకు ఖాళీ అయి, డ్రమ్ము మిద్దె మీద ఉండి, కింద వంటింట్లో కుళాయి విప్పితే అదే జరగొచ్చు. నేలకి, మొక్కకి అది మంచిదే, తాగే నీళ్ళలో కలిస్తే మాత్రం రోగమే.

అందుకని కుళాయి తర్వాత ఒక నాన్ రిటర్న్ వాల్వు పెట్టుకోండి, బాణం గుర్తు నీళ్ళు పోయే వైపు ఉండాలి. కానీ చెత్త అడ్డం పడితే ఆ వాల్వు సరిగ్గా మూసుకోదు, దాని మీదే పూర్తిగా ఆధారపడొద్దు. గొట్టం చివర ఎప్పుడూ డ్రమ్ము అంచుకి జానెడు పైనే ఉండాలి, నీళ్ళు గాల్లోంచి పడాలి. మేము డ్రమ్ము పక్కన వెదురు బద్ద ఒకటి నిలబెట్టి, గొట్టాన్ని దానికి పాత సైకిల్ ట్యూబు ముక్కతో కట్టేశాం. ఎలా కట్టామో వీడియో చివర్లో కనపడుతుంది.