జైలు నుంచి గ్రంథాలయానికి

ఒక జాతి మేలుకొనడానికి కత్తి ముందు రావలెనా, పుస్తకం ముందు రావలెనా అన్న ప్రశ్న మన దేశంలో మాత్రమే పుట్టినది కాదు. తురుష్కుల పాలనలో నలిగిన బల్గేరియాలో ల్యూబెన్ కరవెలోవ్ (1834–1879) అనే రచయిత వుండేవాడు. కథలు వ్రాసినాడు, బుకారెస్టులో వుండి పత్రికలు నడిపినాడు, విప్లవ సంఘానికి అధ్యక్షుడైనాడు. సహచరుడు వసీల్ లెవ్‌స్కీని 1873లో ఉరితీసిన పిమ్మట క్రమంగా ఆ మార్గం విడిచి, ‘జ్ఞానము’ అని అర్థం వచ్చే పేరుతో 1875లో మరొక పత్రిక పెట్టి, ప్రజలకు విద్య గరపడానికి పూనుకొన్నాడు. మన తెలుగువారిలో యీ రెండు దారులూ నడిచిన మహనీయుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు.

ఆయన 1883 సెప్టెంబరు 14న కర్నూలులో జన్మించినారు. పేదరికంతో పోరాడుతూనే 1906లో మదరాసులో ఎం.ఏ. పూర్తిచేసినారు. ఆ రోజుల్లో ఎం.ఏ. అంటే పెద్ద సర్కారు కొలువుకు రాజమార్గమే. కాని 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం వచ్చి ఉపన్యసించగా, అక్కడి ట్రెయినింగు కాలేజీలో చదువుతున్న హరిసర్వోత్తమరావుగారు వందేమాతర ఉద్యమంలో విద్యార్థులకు నాయకులైనారు. కాలేజీ ఆయనను బయటికి పంపినది. సర్కారు కొలువు ద్వారం మూసుకొన్నది.

మరుసటి సంవత్సరం బెజవాడ నుంచి ‘స్వరాజ్య’ అనే వారపత్రిక నడిపినారు. 1908లో తిరునెల్వేలిలో జరిగిన కాల్పులను ఖండిస్తూ వెలువడిన వ్యాసం రాజద్రోహమని దొరలు కేసు పెట్టినారు. మూడేండ్లు కఠిన శిక్ష పడినది. వెల్లూరు జైలులో మామూలు నేరస్థులతో సమానంగా ఆ శిక్ష అనుభవించినారు. ఆంధ్రులలో తొలి రాజకీయ ఖైదీ అని పెద్దలు ఆయనను చెప్పుకొనేది యిందుకే.

విడుదలై వచ్చిన మనిషి ఏం చేయవలె? పగతో రగిలిపోవచ్చును, భయపడి మూల కూర్చోవచ్చును. ఆయన యీ రెండూ చేయలేదు. కొమర్రాజు లక్ష్మణరావుగారి అండతో మళ్ళీ కలం పట్టినారు. వారి విజ్ఞానచంద్రికా గ్రంథమండలికి అంతకుముందే, 1907లో, అబ్రహాం లింకన్ చరిత్ర వ్రాసి యిచ్చినవారు ఆయనే. తరువాత ‘ఆంధ్రపత్రిక’కు కొంతకాలం సంపాదకత్వం వహించినారు. హోంరూలు ఉద్యమంలో పనిచేసినారు. 1927లో మదరాసు శాసనమండలికి ఎన్నికైనారు.

అయితే ఆయన జీవితంలో పెద్దభాగం తిన్నది శాసనమండలి కాదు, గ్రంథాలయం. ఆలోచిస్తే కారణం తేటగా కనిపిస్తుంది. ఆయన జైలుకు వెళ్ళిన కాలంలో మదరాసు రాజధానిలో నూటికి పదిమందికైనా చదువు లేదు. పత్రికలో నిప్పులు కురిపించినా, చదవగలిగే కన్ను లేనప్పుడు ఆ నిప్పు ఎవరికి వెలుగునిస్తుంది? అందుకని ఆయన 1914లో బెజవాడలో పుట్టిన గ్రంథాలయ సంఘంలో చేరి, ఏండ్ల తరబడి దానికి అధ్యక్షత వహించినారు. అయ్యంకి వెంకటరమణయ్యగారు, పాతూరి నాగభూషణంగారు మొదలైనవారితో కలిసి ఊరూరా తిరిగినారు. పాతూరివారు 1935లో పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట పల్లెలకు పంపిన ఉద్యమమే యిది! వయసు మీరినవారికి అక్షరాలు నేర్పే పనిని కూడా హరిసర్వోత్తమరావుగారు తలకెత్తుకొన్నారు. 1948లో మదరాసు గ్రంథాలయ చట్టం వచ్చినది. ఊరి గ్రంథాలయానికి పన్నులో భాగం లభించినది. 1960 ఫిబ్రవరి 29న ఆయన కన్నుమూసినారు.

బల్గేరియాలో కూడా 1856 నుంచి ఊళ్ళలో వెలసిన పఠన మందిరాలే జాతిని మేలుకొలిపినవని చరిత్ర చెప్తున్నది. పుస్తకం చదివే యిల్లు నిలిస్తే భాష నిలుస్తుంది. భాష నిలిస్తే మనిషి తన పెద్దలతో మాట్లాడగలుగుతాడు.

మన బెంగుళూరు తెలుగు కుటుంబాలకు యీ కథతో పని వున్నది. తరతరాలుగా యిక్కడ స్థిరపడిన మన యిళ్ళల్లో తెలుగు మాట యింకా వినిపిస్తున్నది. కాని మాట్లాడే పిల్లలలో చదవగలిగేవారెందరు? తాతగారు వ్రాసిన ఉత్తరాన్ని మనుమడు మరొకరిచేత చదివించుకొనే యిళ్ళు వున్నవి కదా! ఆనాడు చదువు లేని పల్లెవాసికి ఏ లోటో, యీనాడు పట్టణంలో పెద్ద చదువులు చదివిన మన పిల్లలకు తెలుగు విషయంలో అదే లోటు.

అదృష్టవశాత్తూ మన పని అంత కష్టమైనది కాదు. కన్నడ, తెలుగు లిపులు అక్కచెల్లెళ్ళు. బడిలో కన్నడం నేర్చిన బిడ్డకు తెలుగు అక్షరాలు కొద్ది రోజులలో పట్టుబడతవి. కావలసినదల్లా పక్కన కూర్చొనే అమ్మమ్మో తాతయ్యో, బీరువాలో నుంచి బయటికి తీసిన ఒక పుస్తకము. వ్రాసినందుకు మూడేండ్లు జైలులో మగ్గిన ఆ మహనీయునికి, చదవడం కంటె మంచి నివాళి మరేమి వుంటుంది?