అన్నాచెల్లెళ్ల కథకు రెండు కాలాలు

2021 నవంబరు 4న విడుదలైన రజనీకాంత్ చిత్రం ‘అణ్ణాత్తే’, తెలుగులో ‘పెద్దన్న’, చెల్లెలి కోసం అన్న పడే తపనను కథగా చేసుకున్న తమిళ కుటుంబ చిత్రమే అయినా, దాని చిత్రీకరణలో పెద్ద భాగం రామోజీ ఫిల్మ్ సిటీలో జరిగింది. 2020 డిసెంబరులో యూనిట్‌లో కొందరికి కరోనా సోకి షూటింగు ఆగిపోయిందీ అక్కడే.

ఈ కోవ చిత్రాలకు ఒరవడి దిద్దినది ఎ. భీమ్‌సింగ్ దర్శకత్వంలో శివాజీ గణేశన్, సావిత్రి నటించిన ‘పాశమలర్’ (1961). మరుసటి ఏడే వి. మధుసూదనరావు దానిని ‘రక్తసంబంధం’గా పునర్నిర్మించినప్పుడు, అంటే అదే కథను తెలుగులో మళ్లీ తీసినప్పుడు, చెల్లెలుగా సావిత్రే కొనసాగగా అన్న పాత్రకు ఎన్.టి. రామారావు వచ్చారు. అదే 1962లో ‘గుండమ్మ కథ’లో ఈ ఇద్దరినీ జంటగా చూసి నవ్వుకున్న ప్రేక్షకులు, కొన్ని నెలలకే వారిని తోబుట్టువులుగా ఒప్పుకొని కంటతడి పెట్టారు, ఆ సంభాషణలు రాసినవారు హాస్యానికి పేరుపడ్డ ముళ్లపూడి వెంకటరమణ కావడం మరీ విశేషం. బాణసంచా మంటల నుంచి మేనకోడలిని కాపాడబోయి చూపు పోగొట్టుకున్న అన్న చెల్లెలి చెంతకు చేరే ఘట్టం ముందు ‘పెద్దన్న’లోని పోరాటాలన్నీ తేలిపోతాయి. అందులో చెల్లెలుగా నటించిన కీర్తి సురేశ్ ‘మహానటి’ (2018)లో సావిత్రి పాత్రధారిణి. 2023లో ‘భోళాశంకర్’లో చిరంజీవికీ ఆమే చెల్లెలు.