రికవరీ భాగము – ఉంచవలెనా, తుడిచివేయవలెనా?

పాత ల్యాప్‌టాప్ మందగించినపుడు దానిని ఫార్మాట్ చేసి, విండోస్‌ను క్రొత్తగా ఎక్కించుకొనుట మన విద్యార్థులలో పరిపాటి అయినది. ఆ సమయమున డిస్కు భాగముల పట్టికలో ‘రికవరీ’ అను పేరు కనబడును. దానిని ఉంచవలెనా, తుడిచివేయవలెనా అను సందేహము అప్పుడే కలుగును.

తెలుగు బోధించు మాకు ఈ చర్చ ఎందుకని కొందరు అనుకొనవచ్చును. గడచిన సంవత్సరము మా విద్యార్థిని ఒకరు, రికవరీ భాగమున తన వ్రాతలన్నియు భద్రముగా ఉండునని నమ్మి, యంత్రమును తొలి స్థితికి మరల్చినది. యంత్రము క్రొత్తదానివలె తిరిగి వచ్చినది. మూడు నెలలు శ్రమించి వ్రాసిన ప్రాజెక్టు మాత్రము తిరిగి రాలేదు. ఆమె పడిన వేదనయే ఈ వ్యాసమునకు కారణము.

రికవరీ భాగములు రెండు విధములు. మొదటిది విండోస్ తనకై ఏర్పరచుకొనునది. దాని పరిమాణము సాధారణముగా ఒక జీబీ లోపే. యంత్రము తెరుచుకొననపుడు మరమ్మతు చేయు సాధనములు అందుండును. దానిని తొలగించుట వలన దక్కు స్థలము స్వల్పము. కనుక ఉంచుటయే మేలు.

రెండవది తయారీదారు ఉంచినది. ఇది తరచు 10 నుండి 20 జీబీల వరకు ఉండును. యంత్రము అమ్మిననాటి విండోస్, డ్రైవర్లు అందుండును. మన ఫైళ్లు మాత్రము ఉండవు. 15 జీబీలు 500 జీబీల డిస్కులో నూటికి 3 వంతులే. 128 జీబీల డిస్కులో దాదాపు 12 వంతులు.

దీనిని తుడిచివేసినచో లైసెన్సు పోవునను భయము కొందరికి కలదు. 2012లో విండోస్ 8 వచ్చిన నాటి నుండి, విండోస్‌తోనే అమ్మబడు ల్యాప్‌టాప్‌లలో లైసెన్సు కీ సాధారణముగా మదర్‌బోర్డునందే ఉండును. అదే ఎడిషన్ ఎక్కించినచో ఇంటర్నెట్ తగిలినంతనే అది గుర్తింపబడును. అంతకు పూర్వపు యంత్రములలో డిస్కు ఇవ్వనిచోట ఈ భాగమే ఏకైక ఆధారము కావచ్చును.

అయితే ఇది తెచ్చునది పాత విండోస్‌నే. విండోస్ 8.1కు 2023 జనవరిలోను, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ముగిసినది. పైగా ఆ భాగమున్నది అదే డిస్కులో. డిస్కు చెడినచో అదియు పోవును. ఇంటి తాళపుచెవిని ఇంటిలోనే ఉంచి తలుపు మూసినట్లే గదా!

కావున మా సలహా ఇది. ముందుగా మీ వ్రాతలను వేరొక డిస్కునకు ఎక్కించి, మరియొక యంత్రముపై తెరచి చూడుడు. తరువాత కనీసము 8 జీబీల పెన్‌డ్రైవ్‌లో విండోస్ ఇన్‌స్టాలరును, వైఫై డ్రైవరును సిద్ధము చేసికొనుడు. ఇవి చేతనుండి, స్థలము చాలనిచో తయారీదారు భాగమును తొలగింపవచ్చును. స్థలమునకు ఇబ్బంది లేనిచో ఉండనిండు. ఏది చేసినను, యంత్రమును తయారీదారు మరల ఇవ్వగలడు. మీ వ్రాతను మీరే కాపాడుకొనవలెను.