తరగతి గదిలో ప్రాజెక్టులు: ఉపాధ్యాయునికి నూతనోత్సాహం

ఏటేటా అదే పాఠ్యపుస్తకం, అదే పాఠం, అవే ప్రశ్నలు, వాటికి అవే సమాధానాలు. పది పదిహేను సంవత్సరాలు ఈ విధంగా బోధించిన ఉపాధ్యాయునిలో ఉత్సాహం సన్నగిల్లడం ఆశ్చర్యకరం కాదు. తరగతిలో పిల్లల సంఖ్య, బోధనేతర విధులు, రికార్డుల భారం ఇందుకు కారణాలని సాధారణంగా చెబుతారు. అది నిజమే. కాని, జవాబు ముందే తెలిసిన ప్రశ్నను వందలసార్లు అడగవలసి రావడంవల్ల కలిగే అలసట వీటన్నిటికంటె లోతైనది. సెలవులు పెంచినంత మాత్రాన అది తీరదు. విద్యార్థులు తామే ప్రశ్నలు లేవనెత్తి, పరికరాల సహాయంతో తామే సమాధానాలు వెదికే ప్రాజెక్టు పద్ధతి ఈ అలసటకు విరుగుడుగా పనిచేసిన దాఖలాలు మన దేశంలోనే ఉన్నాయి. పరికరం వచ్చి కూడా బోధన మారని సందర్భాలూ ఉన్నాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పరిశీలించడం ప్రయోజనకరం.

ప్రాజెక్టు పద్ధతి కొత్తది కాదు. అమెరికా విద్యావేత్త విలియం కిల్‌పాట్రిక్ 1918 లోనే దీనికి ఒక సిద్ధాంత రూపం ఇచ్చాడు. మన దేశంలో గుజరాత్ లోని భావనగర్ లో గిజుభాయి బధేకా బాలల స్వేచ్ఛనూ, స్వయంకృషినీ ఆధారం చేసుకొని పాఠశాల నడిపాడు. 1937 లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీం చేతిపనిని చదువుకు కేంద్రంగా నిలిపింది. అయితే, ప్రత్యేక పాఠశాలలో ఒక ప్రతిభాశాలి చేసి చూపిన పనిని సాధారణ ప్రభుత్వ పాఠశాలలో సాధారణ ఉపాధ్యాయుడు చేయగలడా అన్న ప్రశ్న మాత్రం చాలాకాలం మిగిలిపోయింది. దానికి విపులమైన సమాధానం మధ్యప్రదేశ్ నుండి వచ్చింది.

1972 లో, నేడు నర్మదాపురంగా వ్యవహరిస్తున్న హోషంగాబాద్ జిల్లాలో 16 ప్రాథమికోన్నత పాఠశాలల్లో ఒక ప్రయోగం ఆరంభమయింది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు విజ్ఞానశాస్త్రాన్ని కొత్త పద్ధతిలో బోధించేందుకు పూనుకొన్నాయి. 1978 లో ఈ కార్యక్రమం జిల్లా అంతటికీ విస్తరించింది. 1982 లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ దీని బాధ్యత స్వీకరించింది. ఇక్కడ గమనించదగిన విషయం ఒకటుంది. పాఠశాలలు ప్రభుత్వానివి, ఉపాధ్యాయులు ప్రభుత్వోద్యోగులు, వారిలో పలువురు విజ్ఞానశాస్త్రాన్ని కళాశాలలో చదివినవారు కారు.

తరగతిలో నలుగురేసి పిల్లలు ఒక జట్టుగా కూర్చునేవారు. ప్రయోగ సామగ్రి వారి చేతికే ఇచ్చేవారు. 'బాల్ వైజ్ఞానిక్' అనే వారి పుస్తకం సమాధానాలు చెప్పే పుస్తకం కాదు. ఏమి చేయాలి, ఏమి గమనించాలి, దానిని గురించి ఏమని ఆలోచించాలి అని మాత్రమే అది అడిగేది. చూచినది నోటుపుస్తకంలో రాసుకొని, తరగతిలో వాదించుకొని, పిల్లలే ఒక నిర్ణయానికి రావాలి.

ఉదాహరణకు, కొలతల పాఠాన్ని తీసుకొందాం. ఒకే బల్ల పొడవును పది జట్లు కొలిస్తే పది కొలతలూ ఒక్కటిగా రావు. పాత పద్ధతిలో ఉపాధ్యాయుడు సరియైన సంఖ్యను నల్లబల్లపై రాసి, తక్కినవి తప్పని కొట్టివేస్తాడు. ప్రయోగ పద్ధతిలో ఆ తేడాయే అసలు పాఠం. స్కేలు అంచు అరిగిపోయిందా? కన్ను ఏటవాలుగా చూచిందా? బల్ల రెండంచులూ సమానంగా ఉన్నాయా? వీటికి జవాబులు ఏ పుస్తకంలోనూ లేవు. ఆ బల్ల దగ్గరే ఉన్నాయి. ఈ సంవత్సరం పిల్లలు చెప్పిన కారణం వచ్చే సంవత్సరం పిల్లలు చెప్పరు. అందువల్ల అదే పాఠం ఉపాధ్యాయునికి మళ్ళీ అదే పాఠంగా తోచదు.

దీనివల్ల ఉపాధ్యాయుని పరిస్థితి కొంత ఇరకాటంలో పడుతుందన్నది కాదనలేని సత్యం. "నాకు తెలియదు, చూద్దాం" అని నలభైమంది పిల్లల ముందు చెప్పడానికి ధైర్యం కావాలి. హోషంగాబాద్ కార్యక్రమ నిర్వాహకులు ఆ ధైర్యాన్ని ఉపాధ్యాయుని వ్యక్తిగత గుణానికి వదిలివేయలేదు. వేసవి శిక్షణలో ఉపాధ్యాయులే విద్యార్థులుగా కూర్చొని ప్రతి ప్రయోగాన్నీ స్వయంగా చేసేవారు. ఢిల్లీ విశ్వవిద్యాలయం, టాటా మౌలిక పరిశోధనా సంస్థ మొదలైన చోట్ల నుండి వచ్చిన శాస్త్రజ్ఞులు వారితో కలిసి కూర్చునేవారు. సంవత్సరం పొడవునా నెలనెలా ఉపాధ్యాయుల సమావేశాలు జరిగేవి. ఏ ప్రయోగం విఫలమయింది, ఏ ప్రశ్నకు తాము తడబడ్డాము అన్నది అక్కడ చర్చకు వచ్చేది. పిల్లలు తమ సందేహాలను 'సవాలీరామ్' పేర ఉత్తరం రాసి పంపేవారు. సవాలీరామ్ అనే మనిషి ఎవరూ లేరు. అది కల్పిత నామం. కాని ఉత్తరాలకు జవాబులు మాత్రం వచ్చేవి.

సాంకేతిక విజ్ఞానం అనగానే కంప్యూటరు, తెర, విద్యుత్తు మన స్ఫురణకు వస్తాయి. హోషంగాబాద్ లో అది అగ్గిపుల్లతో మొదలయింది. టెల్కోలో ఇంజనీరుగా ఉన్న అరవింద్ గుప్తా 1978 లో సెలవు పెట్టి ఈ కార్యక్రమంలో పనిచేశాడు. సైకిలు వాల్వు ట్యూబును చిన్న ముక్కలుగా కోసి, వాటితో అగ్గిపుల్లలను అతికే పద్ధతిని ఆయన రూపొందించాడు. మూడు పుల్లలతో చేసిన త్రిభుజాన్ని ఎటు నొక్కినా కదలదు. నాలుగు పుల్లల చతురస్రం చేయి తగలగానే పక్కకు వాలిపోతుంది. దానికి ఐదవ పుల్లను కర్ణంగా బిగించాలంటే దాని పొడవు చాలదు! ఎంత పొడవైన పుల్ల కావాలో లెక్క కట్టవలసివస్తుంది. రైలు వంతెనలో త్రిభుజాలు ఎందుకుంటాయో, పైథాగరస్ సిద్ధాంతం దేనికి ఉపయోగమో ఆ ఒక్క ఆటలోనే తేలిపోతుంది. దీనికైన ఖర్చు ఒక అగ్గిపెట్టె, ఒక మూర వాల్వు ట్యూబు.

ఇక పెద్ద యంత్రాల కథ. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహం ఏ.టి.ఎస్.-6 సహాయంతో ఆంధ్రప్రదేశ్ తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు ప్రసారమయినాయి. ఉదయంపూట బడిపిల్లలకు, సాయంకాలం పెద్దలకు వేర్వేరు కార్యక్రమాలు ఉండేవి. ప్రపంచం దృష్టిని ఆకర్షించిన ప్రయోగం అది. అయితే తెర ముందు కూర్చున్న పిల్లవాడు శ్రోత, ప్రేక్షకుడు మాత్రమే. 1984 లో 'క్లాస్' పథకం కింద బి.బి.సి. మైక్రో కంప్యూటర్లను తొలుత 250 పాఠశాలలకు అందజేశారు. పిల్లలకు కంప్యూటరు పరిచయం కలిగించడం పథకం లక్ష్యం. కంప్యూటరుతో భూగోళమో, చరిత్రో శోధించడం కాదు. కంప్యూటరు గదికి ఒక గంట, లెక్కలకు వేరొక గంట అన్న విభజన ఆనాటి నుండి చాలా పాఠశాలల్లో స్థిరపడిపోయింది.

1999 జనవరి 26 న ఢిల్లీలోని కాల్కాజీలో సుగతా మిత్రా ఒక గోడకు రంధ్రం చేసి అందులో కంప్యూటరు అమర్చాడు. ఇరుగుపొరుగు బస్తీ పిల్లలు ఎవరూ నేర్పకుండానే దానిని నడపడం నేర్చుకొన్నారు, ఒకరికొకరు నేర్పుకొన్నారు. పిల్లల శక్తిని లోకానికి చాటిన ప్రయోగం ఇది. కాని దీనిని చూచి ఇక ఉపాధ్యాయుడు అక్కరలేదని కొందరు నిర్ణయించడం తొందరపాటని చెప్పక తప్పదు. యంత్రాన్ని నడపడం ఒక విద్య. ఏ ప్రశ్న అడగదగినదో, వచ్చిన జవాబును ఎంతవరకు నమ్మవచ్చునో తేల్చుకోవడం వేరొక విద్య. రెండవదానికి పక్కన ఒక పెద్దమనిషి ఉండడం అవసరం.

నేడు పల్లెపల్లెకూ సెల్‌ఫోన్ వచ్చింది. ఆ ఒక్క ఫోనుతో ఎంత పెద్ద ప్రాజెక్టు చేయవచ్చునో ఒక ఉదాహరణ చూద్దాం. కర్కట, మకర రేఖల మధ్య ఉన్న ప్రతి ప్రదేశంలోనూ సంవత్సరానికి రెండు రోజులు మధ్యాహ్నవేళ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలిపిన కర్రకు ఆ క్షణాన నీడ ఉండదు. హైదరాబాదులో ఇది సుమారుగా మే 9 న, ఆగస్టు 3 న సంభవిస్తుంది. మేలో బడులకు సెలవులు కనుక ఆగస్టు 3 మనకు పనికివస్తుంది. ఆనాడు హైదరాబాదులో ఒక పాఠశాల, బెంగళూరులో ఒక పాఠశాల కలిసి పనిచేయడానికి ముందే ఒప్పందం చేసుకొన్నాయనుకొందాం. ఇద్దరూ ఒక మీటరు కర్రను నిలబెడతారు. హైదరాబాదులో నీడ మాయమయినప్పుడు బెంగళూరు కర్ర నీడ దక్షిణంవైపు సుమారు 7.7 సెంటీమీటర్లు ఉంటుంది. దానినిబట్టి సూర్యకిరణం అక్కడ 4.4 డిగ్రీలు వాలి ఉన్నదని లెక్క తేలుతుంది. రెండు నగరాల మధ్య ఉత్తర దక్షిణ దూరం పటంలో సుమారు 490 కిలోమీటర్లు. 4.4 డిగ్రీలకు 490 కిలోమీటర్లయితే 360 డిగ్రీలకు ఎంత? దాదాపు 40,000 కిలోమీటర్లు. అదే భూమి చుట్టుకొలత! సుమారు 2,200 సంవత్సరాల క్రితం ఎరటోస్తనీసు ఈజిప్టులో అనుసరించిన మార్గం ఇదే.

చెప్పినంత సులభంగా ఇది జరగదు, జరగకపోవడమే మేలు. కర్ర నిటారుగా ఉందో లేదో తేల్చడానికి తాపీమేస్త్రీ దగ్గర తూకపుగుండు అడిగి తెచ్చుకోవాలి. నీడ కొలతలో అర సెంటీమీటరు ఎక్కువ వచ్చిందంటే చుట్టుకొలతలో దాదాపు 2,400 కిలోమీటర్లు తగ్గిపోతుంది. గడియారంలో పన్నెండు గంటలకు చూస్తే నీడ ఇంకా ఉంటుంది. ఎందుకంటే, ఆ రోజున సూర్యుడు నడినెత్తికి వచ్చేది హైదరాబాదులో సుమారు 12 గంటల 22 నిమిషాలకు, బెంగళూరులో మరి నాలుగు నిమిషాల తరువాత. మన గడియారాలన్నీ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరించి నడుస్తున్నాయన్న సంగతి పాఠ్యపుస్తకంలో చదివి మరచిపోయిన పిల్లలకు ఇక్కడ కంటికి కనిపిస్తుంది. మబ్బు పట్టిందా, మరొక సంవత్సరం ఆగనవసరం లేదు. ఏ రోజైనా రెండు చోట్లా మిట్టమధ్యాహ్నపు నీడలను కొలిచి, కోణాల తేడాతో లెక్క కట్టవచ్చు. రెండు నీడలూ ఒకే దిక్కున పడితే తీసివేయాలి, ఎదురెదురు దిక్కుల పడితే కూడాలి.

ఫోను ఇందులో చేసే పని అల్పమే: అంకెలను, ఫొటోలను ఆ బడికీ ఈ బడికీ చేరవేయడం. కాని అది లేకపోతే ఈ ప్రాజెక్టు లేదు. పైగా తెలుగు మాధ్యమం పిల్లవాడు కన్నడ మాధ్యమం పిల్లవానికి తన కొలతను అర్థమయ్యేట్లు తెలపవలసివస్తుంది. జాతీయ సమైక్యతను గురించి వ్యాసరచన పోటీలు ఎన్నో జరుగుతాయి. తన కొలత సరిపోవాలంటే అవతలి రాష్ట్రపు పిల్లవాని కొలతపై ఆధారపడక తప్పని పరిస్థితి మాత్రం బడిపిల్లలకు అరుదుగా కలుగుతుంది.

2016 లో ప్రవేశపెట్టిన అటల్ టింకరింగ్ ప్రయోగశాలల పథకం కింద ఎంపికయిన ఒక్కొక్క పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సహాయం లభిస్తుంది. త్రీడీ ప్రింటరు, సెన్సర్లు, ఎలక్ట్రానిక్ సామగ్రి ఆరు నుండి పన్నెండు తరగతుల పిల్లలకు అందుబాటులోకి వచ్చాయి. పదివేలకు పైగా పాఠశాలల్లో ఇవి నెలకొన్నాయి. నేలలో తేమను కొలిచే సెన్సరును పిల్లలు తమ ఊరి మిరప మడిలో గుచ్చి, నీరు ఎప్పుడు పెట్టాలో తేల్చితే ఆ సొమ్ము సార్థకం. తనిఖీ రోజున మాత్రమే తాళం తీసే గదిగా మిగిలితే, అది ఖరీదైన బీరువా.

మార్కుల సంగతి కూడా ఇక్కడ ప్రస్తావించాలి. నిరంతర సమగ్ర మూల్యాంకనం అమలులోకి వచ్చిన తరువాత తెలుగు రాష్ట్రాల పాఠశాలల్లో ప్రాజెక్టు పనులకు మార్కులు కేటాయించారు. ఉద్దేశం మంచిదే. ఫలితం తెలిసినదే: స్టేషనరీ దుకాణాలలో చార్టులు సిద్ధం, నెట్ సెంటరులో ప్రింటు సిద్ధం, అట్ట వేసి ఇస్తే మార్కులు సిద్ధం. పిల్లవానికి అది ఒక ఖర్చు. ఉపాధ్యాయునికి దిద్దవలసిన మరొక దొంతర. హోషంగాబాద్ లో పరీక్షనే మార్చారు. పిల్లలు పుస్తకాలు తెరచి రాయవచ్చు. ప్రయోగం చేసి చూపాలి. బట్టీయం అక్కడ పనికిరాదు. కాని ఎనిమిదవ తరగతి దాటగానే వారికి పాత పరీక్షలే ఎదురయ్యేవి. ముప్పై సంవత్సరాలు నడిచిన ఆ కార్యక్రమాన్ని 2002 లో రాష్ట్ర ప్రభుత్వం నిలిపివేసింది. పై తరగతుల పరీక్షా విధానం మారకుండా కింది తరగతుల బోధన ఎంత మారినా అది ఎప్పటికైనా చిక్కుల్లో పడుతుందని నా అభిప్రాయం.

ఉపాధ్యాయుడు ఒంటరిగా ఈ పని మొదలుపెట్టవచ్చు గాని కొనసాగించడం కష్టం. మన స్కూలు కాంప్లెక్సు సమావేశాలలో ఎక్కువ కాలం సర్క్యులర్లకు, వివరాల పట్టికలకు సరిపోతున్నది. అందులో ఒక పూట కేటాయించి, వచ్చే నెలలో పిల్లలచేత చేయించదలచిన ప్రాజెక్టును ఉపాధ్యాయులే నలుగురేసి కూర్చొని ముందుగా చేసి చూడవచ్చు. దీనికి కొత్త ఉత్తర్వు, కొత్త నిధి అవసరం లేదు. ప్రధానోపాధ్యాయుడు వారానికి ఒకరోజు రెండు పీరియడ్లను కలిపి ఇస్తే చాలు. నలభై నిమిషాలలో కర్ర నిలబెట్టడానికే సమయం అయిపోతుంది.